బొండాల హైమ కొత్త కత్తి

హైమ కత్తి అరిగిపోయింది. కత్తులన్నాక అరుగుతాయి, అందులో వింతేముంది అంటారేమో, ఒకసారి ఆ కత్తిని చూసి మాట్లాడండి. కొన్నప్పుడు అరచేతి వెడల్పున్న దామ అది. కట్టెలు నరకడానికీ కొబ్బరిబొండాలు చెక్కడానికీ వాడే పెద్ద కత్తిని బర్మావాళ్ళు దామ అంటారు. పదకొండేళ్ళు రోజూ సానరాయి మీద రుద్దగా రుద్దగా ఇప్పుడది రెండు వేళ్ళ వెడల్పుకి వచ్చింది. వెడల్పు పోతే బరువు పోతుంది. బరువు పోయిన కత్తితో బొండాం కొట్టడమంటే కత్తి చేయాల్సిన చాకిరీ మణికట్టు చేత చేయించడమే. మూడు దెబ్బల్లో తెగాల్సిన బొండానికి ఏడు పడుతున్నాయి. ఎండాకాలంలో రోజుకి నూరు బొండాలకి తక్కువ పోవు. మొత్తం ఎన్ని దెబ్బలవుతాయో మీరే చూసుకోండి, హైమ చూసుకోవడం మానేసింది.

నగరం నుంచి వంతెన దాటి తన్లిన్ ఊళ్ళో అడుగుపెట్టగానే బస్సులు ఆగే చోట, నీలం టార్పాలిన్ కింద ఆమె బండి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు వచ్చాక, చల్లని సోడా దొరకని జనం బొండాలకి అలవాటు పడ్డారు. బేరం పెరిగింది, దాంతోపాటు నొప్పీ పెరిగింది. పొద్దున్న లేచేసరికి కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. ఎడంచేత్తో ఒక్కొక్క వేలూ పట్టుకుని విప్పుకోవాలి. డాక్టరమ్మ మణికట్టు నొక్కి చూసి, మొహమాటం లేకుండా చెప్పేసింది. ఇంకో ఎండాకాలం ఇలాగే కొడితే ఆ చేత్తో అన్నం కూడా కలుపుకోలేదట. ఆ మాట విన్నప్పుడు హైమకి ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. అంతలా అలసిపోయి ఉంది.

మానేసి ఇంట్లో కూర్చోవచ్చు కదా అనే మహానుభావులు ఎప్పుడూ ఉంటారు. ఆ చోటు మీద చెరకురసం బండివాడికీ అరటిపళ్ళ ఆవిడకీ ఎప్పటినుంచో కన్ను. పది రోజులు ఖాళీగా కనిపిస్తే చాలు, మరి దక్కదు. కొడుకు హరినాథ్ రేవులో కంటెయినర్లకి కొక్కేలు తగిలించే పనిలో ఉన్నాడు. ఓడలు వచ్చిన వారం పని ఉంటుంది, రాని వారం ఇంట్లో పడుకుంటాడు. ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉందంటే బండి వల్లే. కాబట్టి బండి ఉండాలి, బండి దగ్గర కత్తి పట్టే చెయ్యి ఒకటి ఉండాలి. హైమ చెయ్యి కాకపోతే మిగిలింది కోడలు సు సు చెయ్యి. గొడవంతా అక్కడే ఉంది.

హైమ పుట్టింది ఏరు అవతల, నగరం వైపు, సేక్కాన్ రేవు పక్క లైను గదుల్లో. తాత టెక్కలి వైపు నుంచి బియ్యం బస్తాలు మోయడానికి వచ్చినవాడు. తండ్రీ అదే రేవులో వీపు అరగదీసుకున్నాడు. పంతొమ్మిదో ఏట తన్లిన్ కన్నయ్యకిచ్చి చేశారు. కన్నయ్య బొండాలు కొట్టేవాడు. మాటలు తక్కువ, చేతి ఒడుపు ఎక్కువ. పెళ్ళయిన పదో ఏడు భార్య చేతికి కత్తి ఇచ్చి, "కొట్టకే, ఒగ్గు. కత్తి దాని పని అదే సేసుకుంటాది," అన్నాడు. ఆ ఒక్క ముక్కే ఆయన నేర్పిన చదువు. తొమ్మిదేళ్ళ కిందట కామెర్లతో పోయాడు. పోయిన పదకొండో రోజు దాటగానే హైమ బండి దగ్గర ఒంటరిగా నిలబడింది. ఏడవడానికి తీరిక దొరకలేదని ఆమెకి ఇప్పటికీ కోపం.

కన్నయ్య ఇంకొకటి కూడా పెట్టిపోయాడు, బండి నేమం. పొద్దున్నే కత్తికి బొట్టు పెట్టి, మొదటి బొండాం అమ్మోరి పేరు చెప్పి కుడిచేత్తో కొట్టి, నీళ్ళు బండి చక్రం పక్కన వార్చాలి. ఆ తరవాతే బోణీ. ఎడంచెయ్యి బొండాన్ని పట్టుకోవడానికే గాని కత్తి తాకకూడదు. కడుక్కునే చేత్తో కొట్టిన నీళ్ళు మనిషన్నవాడు తాగుతాడా అనేవాడు. హైమ ఆ మాటని ఎప్పుడూ తిరగేసి చూడలేదు.

ఇక సు సు. అమ్మమ్మ తెలుగావిడ, తండ్రి బర్మావాడు. ఫయాకి, అంటే బుద్ధుడి గుడికి, వెళ్ళి మోకరిల్లుతుంది, ఇంట్లో హైమ దేవుళ్ళ పటాల ముందూ దణ్ణం పెడుతుంది. తెలుగు అంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ముక్కలుగా వస్తుంది. బట్టల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనిలో ఉండేది. నిరుడు ఫ్యాక్టరీ మూతపడ్డాక బండి దగ్గరికి వచ్చింది. నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఆ పిల్ల బొండాం సరిగ్గా కొట్టిన రోజు లేదు.

కత్తి జారిపోతుంది. పీచులో దిగాల్సింది పక్కకి ఎగురుతుంది. ఒకరోజు బొండాం చేతిలోంచి దొర్లి బస్సు కిందకి పోయింది. ఇంకోరోజు బొటనవేలి గోరు సగం లేచిపోయింది, మూడు కుట్లు పడ్డాయి. మొదట్లో ఒకటి రెండుసార్లు ఎడంచేత్తో కత్తి అందుకోబోతే హైమ ఆ చేతి మీద చరిచింది. ఆ తరవాత హైమ చూడకుండా ఎడంచేత్తోనూ కొట్టి చూసుకుందట పాపం. అలా కొడితే కత్తి మరీ జారింది. దాంతో ఆ పిల్లకీ తనకి ఈ విద్య రాదని ఖాయమైపోయింది. ఎదురు చెప్పదు, తల వంచుకుని కుడిచేత్తో కొడుతుంది, కొట్టినప్పుడల్లా కళ్ళు మూసుకుంటుంది. కత్తి పట్టుకుని కళ్ళు మూసుకునే మనిషిని చూస్తే ఎవరికి మండదు చెప్పండి.

"నీకు సేతకాదే. ఒగ్గీ, కూకో," అనేది హైమ. రోజుకి పదిసార్లు అనేది. అని, వాచిన చేత్తో తనే కొట్టేది.

చివరికి ఒక ఆదివారం ఆమె తేల్చేసింది. లోపం కోడలిలో ఉంటే ఉండనీ, కత్తి మాత్రం పెద్దది కావాలి. నిండుగా బరువున్న కత్తైతే తన మణికట్టుకి పని తగ్గుతుంది, ఇంకో రెండేళ్ళు లాగవచ్చు. మంచి దామ కావాలంటే వంతెన అవతల నగరంలో లత పేటకి వెళ్ళాలి. ఇద్దరూ బస్సెక్కారు. వంతెన మీద బస్సు అరగంట ఆగిపోయింది. ఎండ కిటికీలోంచి నేరుగా ఒళ్ళో పడుతుంటే హైమ నిద్రపోయింది. ఆమె తల జారి సు సు భుజం మీద వాలింది. బస్సు కదిలినా ఆ పిల్ల కదల్లేదు.

లత పేటలో ఇనుప సామాన్ల కొట్లు వరసగా ఉంటాయి. ఒక కొట్టు గుమ్మం పక్కన ముక్కాలి పీట మీద ధర్మరాజు కూర్చుంటాడు. డెబ్బై దాటినవాడు, కన్నయ్య తండ్రిని ఎరిగున్నవాడు. బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి, కొత్త కత్తుల్ని వెదురు పిడుల్లో దింపి బిగించడం ఆయన పని. బేరాలూ ఆయనే చూస్తాడు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది.

"ఏటే హైమా, నడుస్తన్నావా, నిన్నెవరైనా మోసుకొచ్చినారా?" అన్నాడు.

"కత్తి కావాల బాబాయి. పెద్దది."

"ఎవరికి?"

"బండికి."

"బండి కొడతాదేటి బొండాలు? ఎవరి సెయ్యో సెప్పు."

"నా సెయ్యే," అంది హైమ. సు సు పక్కన నిలబడి ఉంది.

కొట్టు లోపల గోడకి తళతళలాడే కత్తులు వేలాడుతున్నాయి. పచ్చ రబ్బరు పిడి, నల్ల తొడుగు, వీపు మీద రంపం పళ్ళు. షికార్లకి పోయే కుర్రాళ్ళు కొంటారట. హైమ ఒకటి తీసి చూసింది. "ఈ పళ్ళేటి బాబాయి, నరకడానికా, తల దువ్వుకోడానికా?"

"అది నడుముకి కట్టుకుని ఫొటో దిగడానికి. ఇటు రా."

ఆయన మూడు కత్తులు గోనెపట్టా మీద పరిచాడు. మూడూ లారీ కమాను పట్టీలు కొట్టి చేసినవే. ఒకటి మూర పొడుగు, పలచన. అది తుప్పలు కొట్టడానికి, విసిరితే గాలిలో పోతుంది, గట్టి సరుకు తగిలితే వంగుతుంది. రెండోది పొట్టి, వీపు వేలంత మందం. అది కట్టెలకి. మూడోది మధ్యరకం, పిడి దగ్గర సన్నగా ఉండి ముక్కు వైపు వెడల్పయింది. "బొండానికి ఇదే. బరువు ముక్కులో ఉండాల. సెయ్యి ఎత్తడమే నీ వంతు, దిగడం దాని వంతు. పిడి పట్టుకుంటే వేళ్ళు అరచేతికి తగలీ తగలకుండా ఉండాల. తగిలిపోతే పిడి సన్నం, అందకపోతే లావు. లావైతే నరం లాగుతాది."

హైమ వినలేదు. బరువు కోసం వచ్చిన మనిషి కదా, అన్నిటికంటే బరువైన రెండోదాన్నే అందుకుంది. మోచెయ్యి దాకా బాగానే లేచింది. భుజం ఎత్తుకి వచ్చేసరికి మణికట్టు తడిగుడ్డలా వాలిపోయింది. కత్తి రాతి గచ్చు మీద పెద్ద చప్పుడుతో పడింది. వేలెడు దూరంలో ఆమె పాదం.

కొట్టులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. హైమకి సిగ్గేసింది. నొప్పి కంటే సిగ్గే ఎక్కువ. సు సు చప్పున వంగి కత్తి తీసింది, తీసిన వెంటనే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. రెప్పపాటు పని. ధర్మరాజు ఆ రెప్పపాటునే చూశాడు.

"ఒలే, నువ్వు పుర్రసెయ్యా?"

"కాదు," అంది హైమ.

"నిన్నడగనేదు."

సు సు అత్త వైపు చూసింది. ధర్మరాజు మూడో కత్తి ఆ పిల్ల చేతికిచ్చి, మూల పడున్న కొబ్బరి డొక్క ఒకటి మొద్దు మీద పెట్టాడు. "కొట్టు." కుడిచేత్తో కొట్టింది. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుంది, కత్తి పీచుని గీరి పక్కకి పోయింది. "ఆ సేత్తో." ఎడంచేత్తో కొట్టింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు, దెబ్బ ఒడుపుగానే పడింది, అయినా కత్తి డొక్క మీద నుంచి జర్రున జారి మొద్దుకి తగిలింది.

"సూసినావు కదా," అంది హైమ. "దీనికి ఏ సెయ్యీ రాదు. నాలుగు నెల్ల నుంచీ ఇదే సూస్తన్నాను."

"నువ్వు కాసేపు నోరు మూస్తావేటి?" ధర్మరాజు కత్తి అందుకుని అంచు పైకి తిప్పి ఆమె ముక్కు ముందు పెట్టాడు. "పాతికేళ్ళ నుంచీ కొడతన్నావు, ఇది సూసినావా ఎప్పుడైనా? ఇటు పక్క సదును. అటు పక్క వాలు. బొండాల కత్తికి ఒక పక్కే పదును ఎడతారు. సదునుది బొండానికి ఆనాల, వాలు బయటికి ఉండాల. అప్పుడే లోపలికి దిగుతాది. ఇది కుడిసేతోడి కత్తి. పుర్రసేత్తో పట్టుకుంటే వాలు బొండానికి ఆనతాది. కరవదు. జారిపోద్ది. ఈ గుంట దెబ్బలో తప్పు నేదు. కత్తిలో ఉంది."

ధర్మరాజు లోపలికి వెళ్ళి ఇంకో దామ తెచ్చాడు, ముక్కు వెడల్పుదే, ఇంకా పదును పెట్టనిది. మొద్దుబారిన అంచు నల్లగా ఉంది. "ఇది మొన్ననే వచ్చింది. ఈ పక్క వాలు ఎడితే ఈ గుంటది. ఆ పక్క ఎడితే నీది. సెప్పు."

"రెండు పక్కలా ఎట్టు."

"అది కట్టెల కత్తైపోతాది. పీసులో దిగబడి రాదు. పీకలేక ఇద్దరి సేతులూ పడిపోతాయి. ఒకళ్ళకే కుదురుద్ది."

"పుర్రసేత్తో మొదటి బొండాం కొడితే అమ్మోరు ఊరుకుంటాదా?" అంది హైమ.

"అమ్మోరికి ఎన్ని సేతులే? అన్నీ కుడిపక్కనే ఉన్నాయేటి?"

సు సు పెదవులు బిగపట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని హైమకి అర్థమైంది. నాలుగు నెలల్లో ఆ పిల్ల మొహంలో నవ్వులాంటిది కనిపించడం అదే మొదలు. హైమ గబగబా బయటికి వచ్చి కొట్టు మెట్ల మీద కూలబడింది.

వీధిలో ట్రైషా రిక్షాలు, బస్తాలు, గొడుగులు. ఎవరి హడావుడి వాళ్ళది. హైమకి కోపంగా ఉంది. మొదట ధర్మరాజు మీద, తరవాత చనిపోయి హాయిగా ఉన్న కన్నయ్య మీద, ఆ తరవాత తన మీద. అమ్మోరి సంగతి ఉత్తి సాకు అని ఆమెకి తెలుసు. అసలు సంగతి వేరే ఉంది. ఆ కత్తికి ఎడం పదును పెట్టించిన రోజుతో బండి దగ్గర తన పని అయిపోయినట్టే. ఇప్పుడైతే కోడలికి చేతకాదు కాబట్టి తను కొడుతోంది, నొప్పి అంటోంది, విసుక్కుంటోంది, అయినా అక్కడ నిలబడుతోంది. జనం 'అడో' అని పిలుస్తున్నారు. పిన్నీ అన్నట్టు. రేపటి నుంచి ఎవరు పిలుస్తారు? యాభై ఐదేళ్ళకే ఒక మూల కూర్చోవాలా? ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, అది ఇంకా చేదుగా ఉంది. ఆ పిల్లకి చేతకాకపోవడం తనకి నచ్చింది. కుట్లు పడిన రోజు కూడా, లోపల ఎక్కడో, నచ్చింది.

ఎంతసేపు కూర్చుందో తెలియదు. సు సు వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది. "అత్తా, ఎల్లిపోదాం. కత్తి వొద్దు," అంది. హైమ ఆ పిల్ల బొటనవేలు చూసింది. గోరు వంకరగా మొలిచింది. ఆ వేలు చూశాక ఇంక కూర్చోలేకపోయింది. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, లోపలికి వెళ్ళి, "దాని సేతికే ఎట్టు బాబాయి. పిడి కూడా దాని సేతికే సూడు," అంది.

పిడి కుదరడానికి మూడు వెదుళ్ళు మార్చారు. ధర్మరాజు సు సు వేళ్ళని పిడి చుట్టూ చుట్టించి చూసి, చెక్కి, మళ్ళీ చుట్టించి, లక్క పోసి దింపాడు. సానరాయి మీద వాలు పెడుతున్నంతసేపూ ఆ పిల్ల కళ్ళార్పకుండా చూసింది. తిరుగు బస్సులో హైమ నిద్రపోలేదు. కాగితంలో చుట్టిన కత్తి సు సు ఒళ్ళో ఉంది.

మర్నాడు బండి దగ్గర హైమ కత్తికి బొట్టు పెట్టింది. పెట్టి, కోడలికి ఇవ్వాల్సింది పోయి, చెయ్యి ఆగక తనే ఎత్తింది. ఒక్కసారి. ఒక్క బొండాం. ఇరవై ఆరేళ్ళు చేసిన చెయ్యి, పదును ఏ పక్కనుంటే ఏం, తనకి తెగకుండా పోతుందా అనుకుంది. కన్నయ్య చెప్పినట్టే కత్తిని దాని బరువుకి వదిలింది. కత్తి పీచుకి తగిలి, దిగకుండా, జర్రున పక్కకి జారింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ జారింది. మూడోసారి భుజమంతా పెట్టి కొడితే బొండాం దొర్లిపోయింది, మణికట్టులో నిప్పు పోసినట్టయింది. అప్పుడు గమనించింది, మూడో దెబ్బకి తన కళ్ళు వాటంతట అవే మూసుకున్నాయి.

దొర్లిన బొండాన్ని సు సు తెచ్చి మొద్దు మీద పెట్టింది. "నీకు సేతకాదు" అని అనవచ్చు. అనలేదు.

"నువ్వు పుర్రసెయ్యని నాకెందుకు సెప్పనేదే?" అంది హైమ.

"సెప్పాను అత్తా." సు సు మాటలు వెతుక్కుంది. "మొదటి రోజే. తెలుగులోనే సెప్పాను."

హైమకి గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. చెప్పి ఉంటుంది, ఆ పిల్ల అబద్ధం ఆడదు. చెప్పినది తన చెవిన పడి ఉంటుంది కూడా. అంతగా తలకి ఎక్కకుండా ఎలా పోయిందో ఆమెకి అర్థం కాలేదు. కత్తి తిప్పి పిడి ముందుకి చాచింది. సు సు కుడిచెయ్యి చాపబోయి ఆగి, అత్త మొహం చూసి, ఎడంచేత్తో అందుకుంది. అమ్మోరి పేరు గట్టిగా చెప్పింది. కత్తి దిగింది. అంతే, దిగింది. పచ్చి పీచు లేతగా విచ్చుకుని తెల్లగా కనిపించింది. నీళ్ళు చక్రం పక్కన వార్చింది.

అంతలో వంతెన మీద నుంచి బస్సు వచ్చి ఆగింది. ఎండలో వడిలిన జనం దిగి ఎప్పటిలాగే హైమ చుట్టూ మూగారు. "అడో, రెండు బొండాలు." "అడో, నాకు లేతది." హైమ చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తెలియక ఒకదానిలో ఒకటి పెట్టుకుంది.

"నన్నడక్కండి," అంది బర్మా భాషలో. "కత్తి మా కోడలిది. ఆవిణ్ణి అడగండి."

జనం అటు తిరిగారు. హైమ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంది, కళ్ళు తుడుచుకుంది, కోడలు కొట్టిన బొండాల్లోకి గొట్టాలు వేయడం మొదలుపెట్టింది.